డెస్క్‌టాప్ నుంచి స్టీరియో యాంపుకి: లోపలి సౌండ్ కార్డా, బయటి డాకా?

#1 సన్నజాజి (ఏలూరు)

నమస్కారమండి. కంప్యూటర్లో పాటలు పెట్టి స్టీరియో యాంప్లిఫైయర్‌లో వినడానికి సౌండ్ కార్డు ఎంచుకోవాలి. నా దగ్గరున్న సరంజామా ఇదీ:

కంప్యూటర్: విండోస్ 11 డెస్క్‌టాప్. మదర్‌బోర్డు మీదున్న మామూలు సౌండ్ చిప్పే. ఒక చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంది. వెనక ఆప్టికల్ అని రాసిన చదరపు రంధ్రం కూడా ఉంది, దాన్ని వాడలేదు.
యాంపు: పాత ఇంటిగ్రేటెడ్, రెండు ఛానళ్లు, మూడు పిన్నుల ప్లగ్గు. వెనక ఫోనో, ట్యూనర్, ఆక్స్, టేప్ ఇన్‌పుట్‌లు. డిజిటల్ ఇన్‌పుట్ లేదు.
దూరం: టేబుల్ నుంచి యాంపుకి 4 మీటర్లు.
పాటలు: ఎక్కువగా సీడీల నుంచి తీసిన ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన) ఫైళ్లు, కొన్ని 24/96 (24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్), మిగతాది యూట్యూబ్.

ఇప్పుడు పచ్చ జాక్ నుంచి ఆక్స్‌కి తీగ వేశాను. పాట ఆగితే గుయ్‌మని మోత. మౌస్ చక్రం తిప్పితే దానితోపాటే కీచు. బడ్జెట్ 10 వేలు. లోపల బిగించే కార్డు కొనాలా, బయట పెట్టే డాక్ (డిజిటల్ పాటని యాంపుకి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) కొనాలా? 192 కిలోహెర్ట్జ్ ఉండి తీరాలంటున్నారు, నిజమేనా?

#2 కోఠి_సౌండ్ (హైదరాబాద్)

అక్కా, స్లాటు ఖాళీగుంటే కార్డే పెట్టుకో. సౌండ్ బ్లాస్టర్ జెడ్ ఎస్‌ఈ లేకపోతే ఏఈ-5 చూడు. పైన రేకు మూత ఉంటది, గ్రాఫిక్స్ కార్డు గోల లోపలికి రాదు. టేబుల్ మీద ఇంకో డబ్బా, ఇంకో అడాప్టరు, ఆ లొల్లి ఏం ఉండదు. ఆర్‌సీఏ రంధ్రాలు (యాంపు వెనకుండే గుండ్రటి ఆడియో సాకెట్లు) కావాలంటే పాత ఆసుస్ జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ దొరికితే వదలకు. 2009ల వచ్చిన కార్డు, ఇప్పటికీ ఏం తక్కువ లేదు. కానీ దానికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి విడిగ పవర్ తీగ పెట్టాలె, అది మర్చిపోతే మాట్లాడదు.

#3 వైరుమనిషి (విజయవాడ)

కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందో తేలాలి, ఎందుకంటే మోత రకాన్ని బట్టి కొనాల్సిన వస్తువే మారిపోతుంది.

ఎప్పుడూ ఒకేలా సన్నగా స్స్ అంటుంటే అది లెవెల్ సమస్య. కంప్యూటర్లో వాల్యూమ్ తక్కువ పెట్టి యాంపులో ఎక్కువ తిప్పితే వచ్చేది. గుయ్‌మనో బొయ్‌మనో నిలకడగా వస్తే 50 లేదా 100 హెర్ట్జ్, అంటే కరెంటు నుంచి, ఎర్తు దారిన. మౌస్‌తో, స్క్రీను కదలికతో మారే కీచు కంప్యూటర్ లోపలి గోల, అది గ్రౌండ్ తీగ మీదుగా బయటికొస్తోంది. మీకు రెండోది, మూడోది కలిసి ఉన్నట్టున్నాయి.

ఈ పరీక్షలు చేసి చెప్పండి. ప్రతిసారీ యాంపు ఆపి, ఆ తర్వాతే తీగ పీకాలి, పెట్టాలి.

1. అదే తీగను కంప్యూటర్ నుంచి తీసి, ఛార్జింగ్‌లో లేని ఫోన్‌కి గానీ పాత ఎంపీ3 ప్లేయర్‌కి గానీ పెట్టండి. వాల్యూమ్ మీట అక్కడే ఉంచండి. మోత పోతే యాంపు, తీగ రెండూ బాగున్నట్టే.
2. యాంపుకి టీవీ గానీ సెట్‌టాప్ బాక్సు గానీ కలిపి ఉంటే ఆ తీగ ఊడదీసి చూడండి. కేబుల్ వాళ్ల కోయాక్సియల్ తీగ పైకవచం ద్వారా ఊరి మోతంతా ఇంట్లోకొస్తుంది.
3. కంప్యూటర్ ముందువైపు జాక్ వాడుతుంటే వెనక పచ్చ జాక్‌కి మార్చండి. ముందు జాక్‌కి వెళ్లే తీగ క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే పోతుంది.

తీగ ఊరికే గాల్లో వదిలేసి, దాని కొసను వేలితో ముట్టుకుని "మోత వస్తోంది" అనుకోకండి. అలా ఎవరు ముట్టుకున్నా వస్తుంది.

#4 సున్నా_డీబీ (న్యూజెర్సీ)

కోఠి అన్నా, రేకు మూత ఆపేది గాల్లోంచి వచ్చే గోలని. ఆవిడ చెప్పేది తీగ కవచం మీద పారే కరెంటు గురించి. కార్డు గ్రౌండ్, క్యాబినెట్ గ్రౌండ్, ఎస్‌ఎంపీఎస్ ఎర్తు పిన్ను మూడూ ఒకటే లోహం. పచ్చ జాక్ నుంచి వచ్చే మోత ఎస్‌టీఎక్స్ ఆర్‌సీఏ నుంచి కూడా వస్తుంది. పెట్టె మీద 124 డీబీ (పాటకీ లోపలి గోలకీ మధ్య తేడా) అని ఉన్నా సరే.

లోపలి కార్డులకు ఒకప్పుడు అర్థం ఉండేది. ఏసీ'97 (ఇంటెల్ పాత ఆడియో ప్రమాణం) కాలపు మదర్‌బోర్డు చిప్పులు చాలావరకు అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పలికేవి. సౌండ్ బ్లాస్టర్ లైవ్ కూడా లోపల 48 మీదే నడిచేది, కాబట్టి 44.1 సీడీ పాట మార్పిడి జరగకుండా బయటికి వచ్చేది కాదు. అందుకే హై-ఫై వాళ్లు ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 లాంటి ఎన్వీ24 చిప్పు కార్డుల వెంట పడ్డారు. అవి 44.1ని 44.1గానే పంపేవి, ఆర్‌సీఏ కూడా ఉండేది. 2004లో ఇంటెల్ హెచ్‌డీ ఆడియో వచ్చాక ఆ బాధ తీరింది. పాత పీసీఐ స్లాట్లు పోయాయి, ఆ కార్డులకు కొత్త విండోస్‌లో డ్రైవర్లూ కరువే.

ఇప్పటి బోర్డు చిప్పుల లెక్క చూడండి: ఏఎల్‌సీ 892కి కంపెనీ చెప్పేది 95 డీబీ, ఏఎల్‌సీ 1220కి 120. బోర్డు మీదికొచ్చాక ఇంత రాదు, అయినా 16 బిట్ల సీడీ మొత్తం పరిధి 96 డీబీ చిల్లర. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే 30 డీబీ పైన చప్పుడుంటుంది. చిప్పు దగ్గర పెద్దగా ఆగిపోవడం లేదు.

#5 కోఠి_సౌండ్

సరే అన్నా, ఎర్తు లూపైతే (రెండు ఎర్తుల మధ్య తీగ కవచం మీద కరెంటు పారుడు) కార్డు మార్చినా పోదు, ఒప్పుకుంటా. కానీ యూఎస్‌బీ డాక్ పెట్టినా గదే కథ కదా? యూఎస్‌బీ తీగల కూడా గ్రౌండ్ ఉంటది. జనం బయటి డబ్బా పెడితే మోత పోతదని పదివేలు పోసి, మళ్ల వాపస్ పట్టుకొస్తరు.

#6 సున్నా_డీబీ

నూటికి నూరుపాళ్లు నిజం. యూఎస్‌బీ నుంచి పవర్ తీసుకునే డాక్ కంప్యూటర్ గ్రౌండ్‌ను నేరుగా యాంపుకి అంటగడుతుంది. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

#7 సన్నజాజి

పరీక్షలు చేశానండి. ఫోన్ పెడితే పూర్తి నిశ్శబ్దం. టీవీ యాంపుకి కలపలేదు. వాడుతున్నది వెనక పచ్చ జాకే. కంప్యూటర్ ఒక గోడ సాకెట్‌లో, యాంపు ఎదురు గోడ సాకెట్‌లో ఉన్నాయి. రెంటికీ మూడు పిన్నులే.

#8 వైరుమనిషి

అయితే ఎర్తు లూపే. రెండు సాకెట్ల ఎర్తుల మధ్య ఎప్పుడూ కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. ఆర్‌సీఏ తీగ కవచం ఆ రెంటినీ కలపగానే దాని గుండా కరెంటు పారుతుంది. ఆ కవచమే పాటకి కూడా తిరుగు దారి కనుక, పారిన ప్రతి మిల్లీవోల్టూ పాటలో కలుస్తుంది. కంప్యూటర్ లోపలి గోలకీ అదే దారి.

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి మార్గాలు:

రెంటినీ ఒకే స్పైక్ బస్టర్‌కి పెట్టండి. పొడిగింపు తీగ కాస్త మందంది తీసుకుని యాంపునీ కంప్యూటర్ పెట్టెనీ ఒకే గోడ సాకెట్ నుంచి నడపండి. చాలా ఇళ్లలో గుయ్ సగానికి సగం తగ్గుతుంది, కీచు మాత్రం మిగలొచ్చు.

రెండోది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. కార్లకి అమ్మే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అదే. మోత ఆపుతుంది గానీ అందులోని ఇనుప ముక్క చిన్నది. 2 వోల్టుల సిగ్నల్ పంపితే కింది స్థాయి బేస్ దగ్గర నిండిపోయి మృదంగం మెత్తబడుతుంది. తప్పనిసరైతే అర వోల్టు లెవెల్ దాటకుండా వాడాలి.

మూడోది ఆప్టికల్. మీ బోర్డుకి రంధ్రం ఎలాగూ ఉంది. కాంతి తప్ప ఏమీ పోదు, కరెంటు దారి తెగిపోతుంది. డాక్‌ను యాంపు పక్కన పెట్టి, దానికి రెండు పిన్నుల 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. ఆ అడాప్టర్ని యాంపు ఉన్న బోర్డుకే పెట్టండి. కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు నుంచి డాక్‌కి పవర్ ఇస్తే మళ్లీ లూపు మొదటికొస్తుంది. ఈ ఒక్క పొరపాటు వల్లే "ఆప్టికల్ పెట్టినా మోత పోలేదు" అనేవాళ్లు ఎక్కువ.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ప్లగ్గు మూడో పిన్ను విరిచేయమనే సలహా ఎవరిచ్చినా వినకండి. మోత పోతుంది, దాంతోపాటు రక్షణా పోతుంది. లోపల ఫేజు తీగ వదులై లోహపు పెట్టెకి తగిలితే యాంపు ముట్టుకున్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు.

#9 పాత_యాంపు (రాజమండ్రి)

ఎర్తు మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన సాకెట్‌కి ఎర్తు ఉన్నట్టు కాదమ్మా. పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. అలాంటి చోట ఎస్‌ఎంపీఎస్ ముందుండే ఫిల్టరు కెపాసిటర్ల వల్ల కంప్యూటర్ పెట్టె మొత్తం 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు అతి స్వల్పం, వేళ్లకి జివ్వుమంటుంది అంతే. కానీ ఆర్‌సీఏ ప్లగ్గు నిర్మాణం ఏమిటంటే మధ్య సూది ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న గ్రౌండ్ తర్వాత తగులుతుంది. నడుస్తుండగా గుచ్చితే ఆ వోల్టేజీ ముందు యాంపు ఇన్‌పుట్ మీద పడుతుంది. స్పీకర్లో టప్‌మని పేలిన చప్పుడు, ఖర్మ బాగోకపోతే ఇన్‌పుట్ ఐసీ కూడా పోతుంది. ముందు ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు చూపించుకో.

ఇంకా, ఫోనో ఇన్‌పుట్ జోలికి పోవద్దు. అది గ్రామఫోన్ ముల్లు నుంచి వచ్చే 3, 5 మిల్లీవోల్టుల కోసం. దాదాపు నూరు రెట్లు పెంచుతుంది, పైగా బేస్‌ను ఎత్తి ట్రెబుల్‌ను దించుతుంది. అందులో డాక్ పెడితే బొంగురు గోల తప్ప పాట రాదు. ఆక్స్, ట్యూనర్, టేప్ ఇన్ మూడూ ఒకటే, ఏది ఖాళీగా ఉంటే అది. గుండ్రటి ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉన్న యాంపుల వాళ్లకి: టేప్ సాకెట్లో 3 ఎడమ, 5 కుడి ప్లేబ్యాక్, 2 గ్రౌండ్. 1, 4 రికార్డింగ్‌కి, వాటిని కలపకూడదు.

#10 సున్నా_డీబీ

లెవెళ్ల లెక్క కూడా ఇక్కడే చెప్పేస్తా, కొనేముందు చూడాల్సిన అంకె ఇదే.

సీడీ ప్లేయర్లు, హై-ఫై డాక్‌లు ఇచ్చేది 2 వోల్టులు. మదర్‌బోర్డు లైన్ అవుట్ 1 వోల్టుకి అటూ ఇటూ. ఆపిల్ యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ డాంగిల్ 1 వోల్టు, యూరప్ రకమైతే దాదాపు సగమే. ఇక పాత యాంపుల ఆక్స్‌కి పూర్తి శక్తి రావడానికి 150 నుంచి 250 మిల్లీవోల్టులు చాలు. అంటే 200 మిల్లీవోల్టుల ఆక్స్‌కి 2 వోల్టుల డాక్ పెడితే 20 డీబీ ఎక్కువ. వాల్యూమ్ మీట కాస్త కదిపితేనే ఇల్లు అదిరిపోతుంది. మీట మొదట్లోనే ఉండిపోతే మరో చిక్కుంది. పాత పొటెన్షియోమీటర్లలో ఎడమ కుడి ట్రాకులు ఆ చివర సరిగ్గా జత కలవవు, గాయకుడు ఒక పక్కకి జరిగిపోతాడు.

మందు తేలికే: డాక్‌లోనో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లోనో 10 డీబీ తగ్గించండి. అవుట్‌పుట్ 24 బిట్లలో ఉంటే 10 డీబీకి రెండు బిట్లు కూడా పోవు. 16 బిట్లలో పెట్టి తగ్గిస్తే మాత్రం నిజంగానే అరుగుతుంది. 115 డీబీ డాక్‌కి 10 పోతే ఇంకా 105 ఉంది, పాత యాంపు నాయిస్ దాని పైనే ఉంటుంది.

#11 సన్నజాజి

అర్థమైందండి. మరి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్‌లు నా బడ్జెట్‌లో ఏవి? టాపింగ్ డీ10ఎస్‌కి ఆప్టికల్ ఉందని రాశారు, అది సరిపోతుందా?

#12 కోఠి_సౌండ్

ఆగు అక్కా, గదే మోసం. డీ10ఎస్ మీదున్న ఆప్టికల్ బయటికి పంపేది, లోపలికి తీసుకునేది కాదు. దానికి ఇన్‌పుట్ యూఎస్‌బీ ఒక్కటే. ఫొటోల రంధ్రం చూసి కొనకు, ఇన్ అని రాసుందా అవుట్ అని రాసుందా చూస్కో.

ఆప్టికల్ లోపలికి తీసుకునేటివి: ఎస్‌ఎంఎస్‌ఎల్ ఎస్‌యూ-1, టాపింగ్ ఈ30 రకాలు, షీట్ మోడీ, ఫియో కే11. ఇంకా తక్కువల కావాలంటే ఫియో డీ03కే తైషాన్, దానికి యూఎస్‌బీ ఆడియో ఉండదు, ఆప్టికల్, కోయాక్సియల్ రెండే. కోఠి గుజరాతీ గల్లీల, సికింద్రాబాద్ సీటీసీల పేరులేని డిజిటల్ టు అనలాగ్ డబ్బాలు దొరుకుతయ్. గవి టీవీకి నడుస్తయ్, పాటలకి కూడా మరీ చెత్తేం కాదు, కానీ దాంతో వచ్చే అడాప్టరు పారేసి మంచి ఫోన్ ఛార్జరు పెట్టాలె. స్స్ అనే చప్పుడు సగం గా అడాప్టరుదే.

కొనేముందు వాపస్ తీసుకుంటరా, వారంటీ మన దేశంలదేనా అడుగు. బయట దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కలిసి ధర ఎక్కడికో పోతది, పాడైతే పంపేది కూడా నీ ఖర్చే.

#13 రాగిణి_ఎఫ్ఎం (విశాఖ)

డాక్‌లో ఏకేఎం కంపెనీ చిప్పున్నది తీసుకోవాలా, ఈఎస్‌ఎస్ కంపెనీ చిప్పున్నదా? ఏకేఎం మెత్తగా, ఈఎస్‌ఎస్ గరుగ్గా ఉంటుందంటారు కదా.

#14 సున్నా_డీబీ

చిప్పు పేరు చూసి కొనడం మానేయండి. 2020 అక్టోబరులో జపాన్ నొబెయోకాలోని ఏకేఎం ఫ్యాక్టరీ తగలబడ్డాక చాలా కంపెనీలు అవే మోడళ్లను ఈఎస్‌ఎస్‌తోనో సిరస్ లాజిక్‌తోనో మళ్లీ రూపొందించుకున్నాయి. కొలతల్లో రెంటి తేడా చెవికి అందనంత కింద ఉంది. శబ్దం తేడాగా అనిపిస్తే ముందు లెవెల్ సరిచూడండి. అర డీబీ ఎక్కువున్నది ఎప్పుడూ "బాగున్నట్టు" వినపడుతుంది. మల్టీమీటరుతో 1000 హెర్ట్జ్ టోన్‌కి రెండు డాక్‌ల వోల్టేజీ సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత మార్పించి వినండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

#15 రాగిణి_ఎఫ్ఎం

లెవెల్ సరిచేసి వింటే కూడా నాకు డాక్ లోపలి డిజిటల్ ఫిల్టర్ల మధ్య తేడా తెలుస్తుంది. అన్నీ ఒకటే అనడం కూడా అతే.

#16 సున్నా_డీబీ

స్లో రోల్-ఆఫ్ ఫిల్టరు పెడితే 15 కిలోహెర్ట్జ్ పైన ఒకటి రెండు డీబీ తగ్గే డాక్‌లున్నాయి, ఆ తేడా తెలియొచ్చు, కాదనను. అది చిప్పు కంపెనీ స్వభావం మాత్రం కాదు, మెనూలో ఉండే సెట్టింగు.

#17 పాత_యాంపు

192 అడిగావు కదమ్మా. సీడీ అంటే 44.1, 16 బిట్లు, 1982 నుంచీ అంతే. 78 స్పీడు రికార్డుల నుంచి, పాత మోనో టేపుల నుంచి ఎక్కించిన సినిమా పాటల్ని 24/192 అని అమ్మినా అందులో కొత్తగా చేరేది ముల్లు గీసిన చప్పుడే. ఎడమా కుడీ కూడా ఒకటే. పైగా ఇప్పుడు తిరిగే ఫ్లాకుల్లో చాలా ఎంపీ3ని పెంచి చుట్టినవి. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడు. బొమ్మ 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది 128 ఎంపీ3 కావడానికే ఎక్కువ అవకాశం, 20 దగ్గర ఆగితే 320ది. పాత మోనో పాటకి మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, దాని అసలు టేపులోనే పైన ఏమీ ఉండదు.

#18 వైరుమనిషి

192 గురించి ఆప్టికల్ వైపు నుంచి కూడా. టాస్‌లింక్ (ఈ ఆప్టికల్ తీగ పేరు) మీద 24/96 నిశ్చింతగా పోతుంది. 192 అనేది పంపేవైపు, అందుకునేవైపు భాగాలు రెండూ బాగుంటేనే. కుదరనప్పుడు టిక్ టిక్‌మని తెగుతుంది. మీ ఫైళ్లు 96 దాటవు కాబట్టి దిగులు లేదు.

4 మీటర్ల విషయం: రెండు దారులూ పనిచేస్తాయి. ఆప్టికల్ తీగ 5 మీటర్లది తీసుకుని డాక్‌ను యాంపు దగ్గర పెట్టడం మీకు సరి. ఆర్‌సీఏ తీగే పొడుగ్గా వేయాల్సినవాళ్లూ భయపడనక్కర్లేదు. మీటరుకి 100 పికోఫారాడ్లనుకుంటే 4 మీటర్లకి 400. డాక్ అవుట్‌పుట్ 600 ఓమ్‌లున్నా పైస్థాయి కోత మొదలయ్యేది 6 లక్షల హెర్ట్జ్ పైన. చెవికి దానితో పని లేదు. యూఎస్‌బీ 2.0 మామూలు తీగకి 5 మీటర్లు హద్దు, చవక తీగలైతే 3 దాటకపోవడం మేలు.

ఆప్టికల్ తీగ కొసలకి సన్నటి పారదర్శకపు టోపీలుంటాయి. అవి తియ్యకుండా గుచ్చితే సిగ్నల్ రాదు. మూలల దగ్గర మడత పడేలా వంచకండి, గోడ మేకుకి బిగించి కట్టకండి.

#19 సునాదం (తిరుపతి)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నా దగ్గర రికార్డింగ్ కోసం కొన్న ఫోకస్‌రైట్ స్కార్లెట్ ఉంది. దాన్నే యాంపుకి పెట్టొచ్చా, విడిగా డాక్ అవసరమా?

#20 వైరుమనిషి

పెట్టొచ్చు. వెనక ఎడమ, కుడి అవుట్‌పుట్‌లకి ఒక్కో మోనో జాక్, రెండో కొస ఆర్‌సీఏ, అలాంటి తీగలు రెండు. స్టీరియో జాక్ ఒకటి రెండు ఆర్‌సీఏలుగా చీలే వై తీగ మాత్రం వాడొద్దు. బాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లో అది ఒకే ఛానల్‌ను నిటారుగా ఒక స్పీకర్‌కి, తలకిందులుగా రెండోదానికి పంపుతుంది. పాట మధ్యలోంచి గొంతు మాయమైపోతుంది. డైరెక్ట్ మానిటర్ మీట ఆపేయండి, లేకపోతే మైకు గోల కలుస్తుంది. అవుట్‌పుట్ మీట సగం దగ్గర మొదలుపెట్టండి, హోమ్ యాంపుకి దాని పూర్తి లెవెల్ ఎక్కువ.

#21 సున్నా_డీబీ

సన్నజాజి గారూ, డాక్ వచ్చాక విండోస్‌లో చేయాల్సినవి.

కొత్త పరికరాన్ని డిఫాల్ట్‌గా పెట్టండి. ఎన్‌హాన్స్‌మెంట్లు అన్నీ ఆపండి: బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, స్పేషియల్, అన్నీ. అడ్వాన్స్‌డ్‌లో డిఫాల్ట్ ఫార్మాట్ 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. మామూలు దారిలో విండోస్ మిక్సర్ అన్నిటినీ ఆ రేటుకే మారుస్తుంది. యూట్యూబ్ వాడే ఓపస్ ఫార్మాట్ ధ్వని ఎలాగూ 48లోనే విప్పుకుంటుంది, కాబట్టి దానికి అదే సరి. సీడీ ఫైళ్లకి మార్పిడి వద్దనుకుంటే ఫూబార్ 2000 అనే ప్లేయర్ అవుట్‌పుట్ జాబితాలో ఎక్స్‌క్లూజివ్ అని ఉన్నది ఎంచుకోండి. అప్పుడు 44.1 పాట 44.1గా, 96 పాట 96గా వెళ్తుంది. రేటు చూపించే డాక్‌లైతే తెర మీదే కనపడుతుంది.

రెండు హెచ్చరికలు. ఎక్స్‌క్లూజివ్‌లో విండోస్ వాల్యూమ్ పట్టీ చాలా డాక్‌లకి పనిచేయదు, ధ్వని పూర్తి లెవెల్‌లో వెళ్తుంది. ముందు యాంపు మీట కిందికి దించి, అప్పుడు ప్లే నొక్కండి. ఇక ఎక్స్‌క్లూజివ్ నడుస్తున్నంతసేపు బ్రౌజర్ మూగబోతుంది. అది లోపం కాదు, ఆ పద్ధతే అంత.

గట్టిగా మాస్టరింగ్ చేసిన ఈమధ్య పాటలు పైహద్దు తాకి ఉంటాయి, ఫిల్టరు దాటేటప్పుడు ఇంకా పైకి పొంగుతాయి. ప్లేయర్లో 3 డీబీ తగ్గిస్తే ఆ చిట్లు పోతుంది. రీప్లేగెయిన్ (పాటల లెవెల్ సరిచేసే ప్లేయర్ సదుపాయం) వాడితే అదే చూసుకుంటుంది, పాటల మధ్య ఎగుడుదిగుళ్లూ తగ్గుతాయి.

యూఎస్‌బీ డాక్ కొనేవాళ్లకి: 2017 నాటి విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్ నుంచి యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 డ్రైవర్ లోపలే వస్తోంది. అంతకు ముందు విండోస్ అయితే కంపెనీ డ్రైవర్ తప్పనిసరి.

#22 పెంగ్విన్_పద్మ (బెంగళూరు)

లినక్స్ వాళ్లకి ఒక ముక్క. పైప్‌వైర్ (లినక్స్‌లో ధ్వని నడిపే సర్వీసు) మామూలుగా అన్నిటినీ 48000కి మారుస్తుంది. దాని సెట్టింగుల ఫైల్లో అనుమతించిన రేట్ల వరుస ఉంటుంది, అందులో 44100, 48000, 96000 మూడూ రాసి సర్వీసు మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు వేరే ధ్వని ఏదీ నడవనప్పుడు పాట రేటుకే మారుతుంది. బ్రౌజర్ ట్యాబు ఒకటి తెరిచి ధ్వని పట్టుకుని కూర్చుంటే మారదు. టెర్మినల్లో పీడబ్ల్యూ-టాప్ అనే కమాండ్ నడిపితే ఇప్పుడు ఏ రేటులో పోతోందో వెంటనే కనపడుతుంది.

మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్‌లో రేటు మీరే మార్చుకోవాలి. ఆపిల్ మ్యూజిక్ పాటని బట్టి దానంతట అది మార్చదు.

#23 చిన్నబ్బాయి (డల్లాస్)

ల్యాప్‌టాప్‌కి ఆప్టికల్ లేదు. నాకూ ఇదే మోత. ఛార్జర్ తీసేస్తే పోతుంది.

#24 వైరుమనిషి

ఛార్జర్ తీస్తే పోతోందంటే నిర్ధారణ అయిపోయినట్టే. యూఎస్‌బీ నుంచి ఆప్టికల్ ఇచ్చే చిన్న పెట్టె తీసుకోండి. బెహరింగర్ యూసీఏ222కి ఆప్టికల్ అవుట్ ఉంది, 16 బిట్లు, 48 వరకే, సీడీ పాటలకి చాలు. అక్కణ్ణుంచి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్‌కి. యూఎస్‌బీ ఐసొలేటర్లు కూడా ఉన్నాయి గానీ చవకవి 12 మెగాబిట్ల చిప్పుతో చేసినవి, 24/96 దాటవు, కొన్ని డాక్‌లు వాటితో అసలు పలకవు. 480 మెగాబిట్లని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచే నేరుగా యాంపుకి తీగ వేసేవాళ్లు ప్లగ్గు మీద నల్ల గీతలు రెండే ఉన్నాయో లేదో చూసుకోండి. మూడు గీతలున్నది మైకు తీగ కూడా కలిసినది, దానితో ఒక్కోసారి ఒక పక్కే పలుకుతుంది.

#25 సన్నజాజి

డాక్ తెచ్చి ఆప్టికల్ పెట్టాను, అడాప్టర్ యాంపు బోర్డుకే. మోత లేదు, కీచు లేదు. రెండు చిక్కులున్నాయి. వీఎల్‌సీలో కొన్ని సినిమాలకి ధ్వని రావడం లేదు, పాటలకి వస్తోంది. పాట మొదలవగానే మొదటి అర సెకను మింగేస్తోంది.

#26 సున్నా_డీబీ

సినిమాలవి డాల్బీ ట్రాకులు. వీఎల్‌సీ ఆడియో సెట్టింగుల్లో ఎస్‌పీడిఫ్ పాస్‌త్రూ ఆన్ అయి ఉంది, డాల్బీ సంకేతాన్ని విప్పకుండా అలాగే పంపుతోంది. స్టీరియో డాక్‌కి అది విప్పడం రాదు. పాస్‌త్రూ ఆపేయండి, కంప్యూటరే విప్పి రెండు ఛానళ్లుగా పంపుతుంది.

#27 వైరుమనిషి

మొదటి అర సెకను సంగతి: ధ్వని లేనప్పుడు ఆప్టికల్ సంకేతం ఆగిపోతోంది. మళ్లీ మొదలైనప్పుడు డాక్ దాని గడియారాన్ని పట్టుకునేదాకా టప్‌మనకుండా మ్యూట్‌లో ఉంటుంది. 44.1 నుంచి 96కి మారినప్పుడూ అంతే. ఫూబార్‌లో పాట ముందు నిశ్శబ్దం చేర్చే భాగం దొరుకుతుంది, అర సెకను నుంచి ఒక సెకను పెట్టండి. బ్రౌజర్‌కి కావాలంటే వెనక నిశ్శబ్దం నడిపే చిన్న ప్రోగ్రాములున్నాయి, ఒకటి పెట్టుకుంటే సంకేతం ఆగదు. అయితే అది నడుస్తుంటే ఫూబార్‌కి ఎక్స్‌క్లూజివ్ దొరకకపోవచ్చు, అప్పుడు దాన్ని ముందు ఆపండి.

ఆన్ చేసేటప్పుడు డాక్ ముందు, యాంపు చివర. ఆపేటప్పుడు యాంపు ముందు.